రాహేలు గడ్డిచెక్క

నాగాయలంక దాటాక కరకట్టకి దిగువన జీవరత్నానికి ముప్పై సెంట్ల చెక్క ఉంది. ఇసక పాలు ఎక్కువ, వరికి పనికిరాదు. ఏళ్ళ తరబడి ముళ్ళకంపతో పడున్న ఆ నేలని మూడేళ్ళ కిందట అతని భార్య రాహేలు బాగుచేసింది. పశువుల ఆసుపత్రిలో పనిచేసే సరళగారి దగ్గర నాలుగు గోతాల గినీగడ్డి పిలకలు తెచ్చుకుని, వానాకాలం మొదట్లో వంగిన నడుం ఎత్తకుండా రెండు రోజులు నాటింది. ఒక్కసారి నాటితే ఏళ్ళ తరబడి ఉండే గడ్డి అది. కోసినకొద్దీ దుబ్బు లావెక్కుతుంది.

ఇంట్లో రెండు పాడిగేదెలున్నాయి. మిషను కోతలు వచ్చాక వరిగడ్డి దొరకటం తగ్గిపోయింది. ఎనిమిది నెలల పాటు ఆ చెక్కే గేదెల్ని మేపేది. చిక్కంతా ఎండాకాలంలోనే. ఏప్రిల్లో కాలవలు కట్టేస్తారు. ఆ తర్వాత చెక్కలో గడ్డి పైనుంచి కిందికి ఎండుతూ వస్తుంది. మే నెల వచ్చేసరికి ఎవరన్నా అగ్గిపుల్ల గీస్తే భగ్గుమనేట్టు ఉంటుంది. అప్పుడు రాహేలు దాన్ని ముట్టుకోనిచ్చేది కాదు. గేదెలకి మేత కోసం మైలున్నర దూరం మురుక్కాలవ గట్టుకి పోవాలి. అక్కడ అడుగున కాస్త నీళ్ళుంటాయి గనక గట్టు వెంట తుంగా గరికా దొరుకుతాయి.

దీని మీద ప్రతి ఏడూ మొగుడూ పెళ్ళాలకి గొడవే.

"ఇంటెదురుగా ఇంత గడ్డి పెట్టుకుని మురుక్కాలవకి పోవటం ఏంటే? ఎండినా గడ్డేగా. గేదెల్ని తోలితే నాలుగు రోజులు కడుపు నింపుకుంటయ్యి," అనేవాడు జీవరత్నం.

"నాలుగు రోజులు నింపుకుంటయ్యి. తర్వాత చెక్క మొత్తం పోతది," అనేది రాహేలు.

"ఎండిపోయిందిగా, ఇంకేం పోతది?"

ఒకసారి ఆమె అతన్ని చెయ్యి పట్టుకుని చెక్కలోకి తీసుకెళ్ళింది. ఒక దుబ్బు దగ్గర కూర్చుని ఎండాకుల్ని రెండు చేతులతో విడదీసింది. మట్టిని ఆనుకుని, మొదట్లో, బియ్యపు గింజంత తెల్లటి మొలకలు కనిపించాయి. అక్కడ వేలు పెట్టి చూడమంది. పైన నేల కాలిపోతోంది గానీ దుబ్బు లోపల చల్లగా ఉంది.

"ఈ ఎండిన మోడే దానికి గొడుగయ్యా. తిండంతా వేళ్ళల్లో దాచుకుని ఉంటది. వేళ్ళు లోతుకి పోయి ఉన్న తేమనే చప్పరిస్తుంటయ్యి. ఇప్పుడు దీన్ని నేల మట్టంగా మేపామనుకో, మొదలు ఎండకి ఉడికిపోద్ది. అయినా బతకాలని కొత్తాకు వేస్తది. దాచుకున్నదంతా దానికే పెట్టేస్తది. ఆ ఆకూ మాడిపోద్ది. ఇంక లేవటానికి ఏం మిగలదు."

జీవరత్నం నవ్వాడు. "సరళగారు చెప్పిందంతా బాగానే బట్టీపట్టావు," అన్నాడు.

"సరళగారు సగమే చెప్పింది. మిగతా సగం నేను చూసుకున్నా," అంది రాహేలు.

ఈ ఏడు ఎండలు మరీ దారుణంగా వచ్చాయి. రోహిణి కార్తె మొదలుకాకముందే పదింటికల్లా రోడ్డు మీద మనిషి కనపడటం మానేశాడు. రాహేలుకి మోకాలు వాచి ఉంది గనక మురుక్కాలవకి జీవరత్నమే వెళ్ళేవాడు. తెల్లారగట్ల వెళ్ళి ఎనిమిదింటికల్లా మోపు తెచ్చేసేవాడు.

మే ఆఖరి వారంలో గుడివాడ నుంచి రాహేలు తమ్ముడు మత్తయి ఫోన్ చేశాడు. అతను అక్కడ రైసుమిల్లులో పనిచేస్తాడు. తెలిసిన రైతు దగ్గర ఒక ట్రాక్టరు వరిగడ్డి ఉందనీ, బావ వచ్చి మాట్లాడుకుంటే బాగుంటుందనీ చెప్పాడు. మర్నాడే జీవరత్నం మొదటి బస్సుకి బయల్దేరాడు. మేత కొయ్యటానికి టైము లేదు.

"పదింటికల్లా వచ్చేస్తా. వచ్చి నేనే కోసుకొస్తా. నువ్వు మాత్రం ఇల్లు కదలమాక," అని చెప్పి వెళ్ళాడు.

వచ్చేసరికి సాయంత్రం నాలుగు దాటింది. ఊళ్ళో దిగగానే బస్టాపు దగ్గర కిళ్ళీకొట్టు మనిషి ఎదురొచ్చి, "బందరు వెళ్ళు, బందరు వెళ్ళు. మీ ఆవిణ్ణి 108లో తీసుకెళ్ళారు," అన్నాడు.

మురుక్కాలవ పక్కన ఇల్లున్న భానుమతి ఆమెను చూసింది. డ్వాక్రా సంఘంలో ఇద్దరూ స్నేహితులు. పన్నెండున్నరప్పుడు చెంబు కడగటానికి బయటికొచ్చిన భానుమతికి గట్టు మీద సగం కట్టిన మోపూ, దాని పక్కన పడి ఉన్న మనిషీ కనిపించారు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. చెమట చుక్క లేదు. నీడకి లాగి, తడిగుడ్డలు కప్పి, బిందెలకి బిందెలు నీళ్ళు పోశారు. రాహేలు కళ్ళు తెరిచింది గానీ ఎవర్నీ గుర్తుపట్టలేదు. అంబులెన్సు బందరు చేరకముందే ప్రాణం పోయింది.

ఎందుకు ఆలస్యమైందని అందరూ అడిగారు. పామర్రు దగ్గర బస్సు ఆగిపోయిందని చెప్పాడు జీవరత్నం.

బస్సు ఆగలేదు. ఎనిమిదింటికే గడ్డి మాట అయిపోయింది. మత్తయి ఇంట్లో కోడి కోశారు. కొత్తగా కొన్న కూలరు పెట్టారు. "తిని కాసేపు నడుం వాల్చి పో బావా," అన్నాడు మత్తయి. నడుం వాల్చినవాడు ఒంటిగంటకి లేచాడు. ఈ సంగతి మత్తయికి తెలుసు. అక్క శవం ముందు పడి ఏడుస్తూ బస్సు మాట విన్నాడు. తల ఎత్తి బావ వంక చూశాడు. ఏమీ అనలేదు.

జీవరత్నానికి ఒక్కతే కూతురు, శాంతి. బందరులో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. అక్కడే ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి అద్దెకుంటుంది. సమాధి చేసిన నాలుగో రోజు ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టారు. పాస్టరుగారు ప్రార్థన ముగించాక మనుషులు గుంపులుగా కూర్చుని మాట్లాడుకుంటున్నారు.

"ఎదురుగా గడ్డి పెట్టుకుని ఎండలో అంత దూరం పోవటమేంటి? ఆ గడ్డి పిచ్చే ఆమెను తినేసింది," అంది ఒక ముసలావిడ.

"అమ్మది మొండితనం. ఎవరు చెప్పినా వినదు," అంది శాంతి, ఎటో చూస్తూ.

జీవరత్నం ఆ మాట విన్నాడు. నేను చెప్పిన టైముకి రాలేదమ్మా అని నోటిదాకా వచ్చింది. మింగేశాడు. తప్పు గడ్డిది అని ఊరంతా అంటుంటే అతనికి ఒక రకంగా ఊపిరాడింది. దానికి తర్వాత ఎంతో సిగ్గుపడ్డాడు గానీ, ఆ పూటకి మాత్రం ఊపిరాడింది.

మర్నాడు కూతురు బందరు వెళ్ళిపోయింది. ఇల్లు ఖాళీ అయింది. కొట్టంలో గేదెలు అరుస్తున్నాయి. జీవరత్నం వాటి పలుపులు విప్పి, కరకట్ట దింపి, చెక్కకి కట్టిన కంపని కాలితో తన్ని, రెంటినీ లోపలికి తోలాడు. గేదెలు తలలు వంచి ఎండాకుల్ని నమలసాగాయి. మధ్యలో నిలబడి, "తినండి. తినండి. మిగల్చమాకండి," అని పైకే అన్నాడు. ఐదు రోజులు అలాగే మేపాడు. ఎక్కడన్నా మోడు మిగిలితే కొడవలితో గీకి వాటి ముందు వేశాడు. ఆరో రోజుకి చెక్క అలికిన అరుగులా నున్నగా అయిపోయింది. మూడో రోజే కోసిన చోట సూదుల్లాగా పచ్చటి ఆకు లేవటం చూశాడు. గేదెలు దాన్ని కూడా కొరికేశాయి. కొరకగా మిగిలింది ఎండకి మాడి గోధుమరంగుకి తిరిగింది. రాహేలు చెప్పింది చెప్పినట్టు జరిగింది.

జూన్ మొదటి వారం ఆఖర్లో సరళగారు వచ్చింది. ట్రైనింగుకి వేరే ఊరు వెళ్ళి ఉండి, సంగతి ఆలస్యంగా తెలిసి పలకరించటానికి వచ్చింది. ఇంట్లో కాసేపు కూర్చున్నాక, "ఒకసారి ఆమె చెక్క చూసి వెళ్తానండీ," అంది. వద్దనలేక వెంట వెళ్ళాడు.

సరళగారు కరకట్ట మీద నిలబడి చూసింది. కిందికి దిగి ఒక దుబ్బు ముందు గొంతుక్కూర్చుని మొదలు గిల్లింది. పొడిపొడిగా రాలింది. ఇంకోటి గిల్లింది. అదీ అంతే.

"ఎవరి పశువులు పడ్డాయండీ?"

"నావేనమ్మా. నేనే తోలాను."

ఆమె తలెత్తి అతని మొహం చూసింది. కోప్పడుతుందనుకున్నాడు. కోప్పడలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"పోయిన నెల ఆసుపత్రికి వచ్చినప్పుడు రాహేలుగారు నాతో ఒక మాట అన్నారండీ. వానలు పడగానే భానుమతిగారికీ, ఇంకో ఐదుగురికీ పిలకలు ఇస్తానని మాటిచ్చారట. ఆరుగురు ఆడవాళ్ళు. అందరికీ ఒక్కో గేదే ఉంది. ఈ ఎండాకాలం దాటిస్తే ఆరిళ్ళకి సరిపోతాయి సరళమ్మా, అన్నారు. అందుకే ఈ ఎండాకాలం మరీ పట్టుబట్టి ఒక్క ఆకు కూడా కొయ్యనివ్వలేదు."

జీవరత్నం చెక్క గట్టు మీద కూలబడ్డాడు. ముప్పై ఏళ్ళు కాపరం చేసిన మనిషి ఎందుకు అంత పట్టుపట్టిందో అతను ఒక్కసారి కూడా అడగలేదు. ఆమె చెప్పలేదా, చెప్పినా తను వినలేదా అన్నది ఎంత ఆలోచించినా గుర్తురాలేదు.

"నీళ్ళు పోస్తే లేస్తయ్యా అమ్మా? మోసుకొస్తాను. రోజూ మోసుకొస్తాను."

"కొంచెం కొంచెంగా పోస్తే ఇంకా నష్టం అండీ. తడి తగిలితే ఆకు వేస్తుంది, ఎండకి మాడుతుంది. వేళ్ళల్లో ఉన్న ఆ కాస్త బలం కూడా పోతుంది. మొదళ్ళకి ఎండ తగలకుండా కప్పండి. పశువుల్ని రానివ్వకండి. అంతకన్నా మనం చెయ్యగలిగింది లేదు. వాన పడేదాకా చూడాల్సిందే."

ఆ తర్వాత రెండో రోజే మత్తయి ట్రాక్టరు మీద వరిగడ్డి తెచ్చాడు. ఇద్దరూ దించుతుండగా జీవరత్నం నాలుగు పనలు ఎత్తుకుని చెక్క వైపు నడిచాడు. మొదళ్ళ మీద పల్చగా పరిచి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ నాలుగు పనలు తీసుకెళ్ళాడు.

"బావా, ఇది గేదెలకి కదా," అన్నాడు మత్తయి.

"గేదెలు తినాల్సింది తినేసినయ్యిరా."

మత్తయికి అర్థం కాలేదు. అయినా తనూ పనలెత్తుకుని వెంట వెళ్ళాడు. సగం చెక్క కప్పాక అతని చేతులు ఆగిపోయాయి. "ఆ రోజు పడుకోమన్నది నేనే బావా. లేపుదామనుకున్నా. అలిసిపోయి ఉన్నాడులే అనుకున్నా," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. జీవరత్నం అతని భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యలేక, గడ్డి పరచటానికి వంగాడు.

మృగశిరలో మంచి వానే పడింది. రెండో వాన కూడా పడ్డాక పరిచిన గడ్డి పక్కకి తీసి చూశాడు. నాలుగు వందల పైచిలుకు దుబ్బులుండేవి అందులో. రోజూ పొద్దున్నా సాయంత్రమూ ఒక్కోదాని దగ్గరా కూర్చుని చూసేవాడు. పదిహేను రోజులకి లేచినవి నలభై ఒకటి. అవన్నీ కంప కిందా గట్టు వారనా గేదెల మూతి సరిగా అందనివే. మిగతావి వేళ్ళతో సహా చేతిలోకి ఊడొచ్చాయి. వేళ్ళు మూరెడు పైగా పొడుగున్నాయి. లోపల బోలు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక భానుమతితో పాటు ఐదుగురు ఆడవాళ్ళు గోతాలు పట్టుకుని వచ్చారు. కరకట్ట మీదే ఆగిపోయారు.

"ఇదేంటి అన్నయ్యా, చెక్క ఇట్లా అయిపోయింది?" అంది భానుమతి. "ఎండలకేనా?"

ఎండలకే అని చెప్పెయ్యవచ్చు. అందరూ నమ్మేవాళ్ళు. జీవరత్నం తల దించుకున్నాడు.

"ఎండలకి కాదమ్మా. ఎండకి అది తట్టుకునేదే. నేనే మేపేశాను. ఆవిడ పోయినాక కోపంతో మేపేశాను."

 వాళ్ళల్లో చిన్నదైన యశస్విని, "ఆంటీ చెమటంతా గేదెలకి వేశావా బాబాయ్," అని గభాల్న అనేసి నోరు మూసుకుంది.

లేచిన దుబ్బులు ఆరుగురూ సమంగా తవ్వుకుపొమ్మన్నాడు జీవరత్నం. తనకి ఒక్కటి కూడా వద్దన్నాడు. గునపం తెచ్చి ఇచ్చాడు. భానుమతి గునపం అందుకుని ఒక దుబ్బు దగ్గర వంగి, పిలకలు కదిపి చూసి, లేచి నిలబడింది.

"ఇవి ఇప్పుడే చావు తప్పి లేచినయ్యి. ఇప్పుడు చీలిస్తే ఇవీ దక్కవు. రెండు నెలలు ఊపిరి తీసుకోనియ్యి అన్నయ్యా, అప్పుడొస్తాం," అని గునపం తిరిగి ఇచ్చేసింది. ఆరుగురూ ఖాళీ గోతాలు మడిచి చంకలో పెట్టుకుని కరకట్ట మీద వరసగా వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నమే శాంతి వచ్చింది. ఆదరణ కూడిక అయ్యి వెళ్ళాక ఇంటికి రావటం అదే మొదటిసారి. వచ్చిందగ్గర్నుంచీ బట్టలు ఉతుకుతూ, గిన్నెలు తోముతూ, ఏదో ఒక పని కల్పించుకుంటూ తండ్రికి ఎదురుపడకుండా తిరిగింది. ఆడవాళ్ళ ముందు నిజం చెప్పినవాడు కూతురి దగ్గర దాచుకుని అన్నం తినలేకపోయాడు. పీట మీద నుంచి లేచి వసారాలోకి వచ్చాడు.

"శాంతీ, ఇట్లా కూర్చో అమ్మా. మీ అమ్మ మొండితనంతో పోలేదు. ఆ రోజు బస్సు ఆగలేదు. మీ మావయ్య ఇంట్లో తిని పడుకున్నా. పదింటికి వస్తానని చెప్పి పడుకున్నా."

శాంతి చేతిలో తడిబట్ట అలాగే ఉండిపోయింది.

"ఇంకోటుంది. పదకొండున్నరకి మీ అమ్మ ఫోన్ చేసింది. మోగటం విన్నా. పేరు చూశా. ఎందుకు రాలేదని తిడుతుందిలే అని బోర్లా పెట్టి అటు తిరిగి పడుకున్నా. ఆ ఫోను ఎత్తితే, వస్తున్నా ఉండవే అని ఒక్క మాట అంటే ఆగేది. ఏం చెప్దామని చేసిందో ఇంక నాకు తెలవదు."

కూతురు ఏడుస్తుందనో, తిడుతుందనో ఎదురుచూశాడు.  శాంతి గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది.

"ఏం చెప్దామని చేసిందో నాకు తెలుసు నాన్నా."

జీవరత్నం ఆమె వంక చూశాడు.

"నువ్వు ఎత్తకపోతే తర్వాత నాకు చేసింది. అప్పుడు మేం టీచర్లం స్కూలు అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరుగుతున్నాం. మీ నాన్న ఫోను ఎత్తటంలా, బస్సులో ఉన్నాడేమో, ఈ ఎండలో దిగి నడిచి వస్తాడు, చల్లబడేదాకా బస్టాండులోనే కూర్చోమని నువ్వు చెప్పు, అంది. గేదెల సంగతి నేను చూసుకుంటాలే అంది. సరేనమ్మా అన్నాను."

ఆమె చేతిలో తడిబట్టని పిండింది. మళ్ళీ తనే అందుకుంది.

"మర్చిపోయాను. నీకు చెయ్యనే లేదు. అది పోనీ. గేదెల సంగతి చూసుకుంటానంటే మేతకి పోతుందని నాకు తెలియదా? తెలుసు నాన్నా. వెళ్ళొద్దమ్మా అనలేదు. ఎండలో నిలబడి విసుగ్గా ఉండి, సరే సరే అని పెట్టేశాను. నువ్వు బస్సు ఆగిపోయిందన్నప్పుడు, మరి ఫోను ఎందుకు ఎత్తలేదని అడుగుదామనుకున్నా. అడిగితే నేనూ చెప్పాల్సి వస్తుందని ఊరుకున్నా. మొండితనం అని అమ్మ మీద పెట్టాను."

జీవరత్నం నోరు తెరిచాడు. నీ తప్పేం లేదమ్మా అనాలనుకున్నాడు. రాహేలు ఆఖరిగా అన్న మాట మొగుడి మీద ఎండ పడకూడదని. కూలరు గాలికి పడుకున్నవాడి మీద.  రెండు చేతులతో మొహం కప్పుకుని ముందుకి ఒరిగిపోయాడు. శాంతి లేచి దగ్గరికి రాలేదు. ఉన్నచోటే కూర్చుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఒకరినొకరు ఓదార్చుకోవటానికి ఆ వసారాలో ఎవరికీ చెయ్యి లేవలేదు.

ఐదింటి బస్సు హారను కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. శాంతి దానికి వెళ్ళాల్సి ఉంది. మర్నాడు స్కూలుకి సెలవు పెట్టింది.

శ్రావణమాసంలో భానుమతి వాళ్ళు వచ్చి తలా కాసిని పిలకలు చీల్చుకుని వెళ్ళారు. ఆరిళ్ళ దగ్గరా నాటారు. జీవరత్నం చెక్కలో ఇప్పటికీ సగం పైగా ఖాళీగానే ఉంది. శాంతి ఆదివారాలు వస్తోంది. పొద్దున ప్రార్థనకి వెళ్తారు, అక్కణ్ణుంచి సమాధి దగ్గరికి వెళ్తారు, ఇంటికొచ్చి ఆమె వండింది తింటారు. ఊళ్ళో వాళ్ళ గురించీ, గేదెల గురించీ, స్కూలు పిల్లల గురించీ మాట్లాడుకుంటారు. ఆ రోజు మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు.